నేలమాళిగ నింపుకునే హెట్టి అత్త

మా ఆయన మేనత్త హెట్టి థీలెన్, మోజెల్ అనే ఏటి ఒడ్డున ఒక పాత రాతి ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లోనే ముసలిదైంది. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేకపోలేదు. "వాళ్ళింటికి నన్ను రమ్మనేవాళ్ళే గానీ మా ఇంటికి వస్తానన్నవాడు ఒక్కడూ లేడు. ఈ ఇల్లొదిలి పోడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా?" అనేది. బతుకంతా ద్రాక్షతోటల్లో చాకిరీ చేసింది. నిలబడితే జారిపోయే ఏటవాలు కొండ మీద చలికాలం చివర తీగలు కట్టేది, వానలకి కిందికి జారిన పలకరాతి మట్టిని వీపుకి బుట్ట తగిలించుకుని మళ్ళీ పైకి మోసేది. మనిషి పొట్టి. గొంతు మాత్రం ఏటి అవతలి ఒడ్డుకి వినపడేది.

నేను కొండ మీది ఊరి పిల్లని. మా ఊళ్ళో నీళ్ళు బావిలో ఉంటాయి, ఇంట్లోకి రావు. ఈ వీధికి కోడలిగా వచ్చిన మొదటి చలికాలమే ఏరు పొంగింది. పెద్దావిడ ఒక్కతే ఉంది కదా, నీళ్ళు తోడిపెడదామని బకెట్టు పట్టుకుని పరిగెత్తాను. తీరా చూస్తే ఆవిడ వంటింటి కుళాయికి గొట్టం తగిలించి, దాని రెండో కొసని నేలమాళిగ మెట్ల మీదుగా కిందికి వదిలి, తన మాళిగలోకి తనే నీళ్ళు పడుతోంది.

"అత్తా, ఏం చేస్తున్నారు?"

"కనపడట్లా? నింపుతున్నా."

మా ఆయన ఎవాల్ట్‌తో ఆ మాట చెప్పి, మీ అత్తకి మతి పోయిందండీ అంటే, ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మర్నాడు వీధి వీధంతా నన్ను చూసి నవ్వింది. "కొండమేకా, ఇట్రా," అని అత్తే పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. "ఏరు పెరిగితే నేల కింద నీళ్ళూ పెరుగుతాయి. ఖాళీ మాళిగని అన్ని వైపుల్నుంచీ తోస్తాయి. లోపల్నించి ఎదురు తోసేది లేకపోతే ఎంత గోడైనా ఎంతసేపు నిలబడుద్ది? నీళ్ళు ఎలాగూ రాక మానవు. బురదతో వచ్చేదాకా కూర్చునే బదులు మనమే మంచినీళ్ళు పోసుకుంటే ఇల్లు నిలబడుద్ది, తర్వాత కడుక్కోడమూ తేలిక. మా నాన్న ఇట్టాగే చేశాడు, ఆయన నాన్నా ఇట్టాగే చేశాడు."

అప్పటినుంచి ప్రతి వరదకీ నేను అత్త శిష్యురాలినే. బంగాళాదుంపలు, జాడీలు మేడ మీదికి చేర్చడం, కింది గదుల తలుపులు ఉబ్బిపోకుండా ఊడదీసి బల్లల మీద పేర్చడం, వైన్ పీపాలు తేలిపోకుండా వాటి వీపుకీ కమాను కప్పుకీ మధ్య ఓకు చెక్క గుంజలు నిలబెట్టి బిగగొట్టడం, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఒక్కటే నేర్పలేదు. ఇంటి రెండో సగంలో ఉన్న సొంత తమ్ముడితో ఇరవై ఏళ్ళకు పైగా మాట్లాడకుండా ఎలా ఉండాలో. అది ఒకరు నేర్పితే వచ్చే విద్య కాదు.

తమ్ముడి పేరు అలోయ్స్. రైల్వేలో సిగ్నళ్ళ పని చేసి దిగిపోయినవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. తోటపని చేసేటప్పుడు కూడా మెడకి టై కట్టుకునే మనిషి. తండ్రి పోయాక పొడుగాటి ఇంటిని ఇద్దరూ చెరి సగం చేసుకున్నారు. పైన గొడవ లేదు, గుమ్మాలు రెండు ఉన్నాయి. కింద నేలమాళిగ మాత్రం ఒక్కటే. అందులో అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట ఒక గుంట ఉండేది. వరద తీశాక మిగిలిన నీళ్ళన్నీ అందులోకి చేరతాయి, పంపు పెట్టి తోడేస్తారు. పంపకంలో గీత గీస్తే ఆ గుంట మూరెడు దూరంలో తమ్ముడి వైపు పడింది.

ఎప్పటిలా నా పంపు గొట్టం అందులోనే వేసుకుంటానంది అక్క. వేసుకో గానీ వేసే ముందు ఒక మాట అడుగు అన్నాడు తమ్ముడు. "మా నాన్న తవ్విన గుంటకి వీణ్ణి అడగాలా?" అంది అక్క. అంతే. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్ళారు. ఆ వేసవిలో ఆయన గీత మీద నేల నుంచి కప్పు దాకా ఒంటి ఇటుక గోడ లేపేశాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. వరద తీసిన ప్రతిసారీ ఆయన తన వైపు పంపు పెట్టుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఇవతల ఈవిడ అడుగున మిగిలిన బురద నీళ్ళని బకెట్లతో మెట్లెక్కి మోసేది. ఎవరైనా సాయం వస్తే సరే, రాకపోయినా సరే, అడగడం మాత్రం లేదు. ఇద్దరూ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇద్దరికీ నడిమివాడు, ఎప్పుడో వేరే ఇల్లు కట్టుకున్న మా మామగారు బతికున్నన్నాళ్ళూ ఒకరి కబురు ఒకరికి మోశాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకు వచ్చింది.

ఒక ఏడు క్రిస్మస్ ముందు వారం కొండల మీద మంచు పడి, దాని మీద వెచ్చటి వాన పడింది. ఏరు ఒక్కసారిగా లేచింది. మా ఇంట్లో తలుపులు ఊడదీయడం అయ్యాక ఎవాల్ట్ అగ్నిమాపక దళం కుర్రాళ్ళతో కలిసి ఊరి దిగువన మంచంపట్టిన వాళ్ళని తరలించడానికి పోయాడు. నేను అత్త దగ్గరికి వెళ్ళాను. వీధిలో అప్పటికే పాదాలు మునిగే నీళ్ళున్నాయి.

అత్త నేలమాళిగ మెట్ల మీద టార్చి పట్టుకుని నిలబడి ఉంది. కుళాయి పొద్దుటినుంచీ పారుతున్నట్టుంది, కింద నీళ్ళు మనిషి ఛాతీ దాకా ఉన్నాయి. పీపాలు గుంజల కింద కదలకుండా ఉన్నాయి. అంతా ఎప్పటిలాగే ఉంది గానీ అత్త మొహం ఎప్పటిలా లేదు.

"విను," అంది.

గోడ అవతల నుంచి సన్నగా ఏదో మోత వస్తోంది.

"పంపు. వాడు తోడుతున్నాడే."

"ఆయన కూడా ఎప్పుడూ నింపుతాడుగా అత్తా?"

"ఎప్పుడూ నింపుతాడు. ఎంత మొండివాడైనా మా నాన్న కొడుకేగా. ఈసారి ఏం పుట్టిందో వాడికి." చరచరా పైకి వెళ్ళి కుళాయి కట్టేసింది. "ఇటుపక్క ఇన్ని నీళ్ళు, అటు చుక్క లేదు. మధ్యలో ఒంటి ఇటుక. అది పడితే వాడి మీదే పడుద్ది. పో, పోయి చెప్పు, పంపు ఆపి పైకి రమ్మను."

"మీ వైపు నీళ్ళు తోడేస్తే పోలా?"

"తోడితే వీధి వైపు గోడ పోద్ది. ఇల్లంతా దాని మీదే నిలబడింది. వాడి సగం కూడా."

"మరి మీరే వచ్చి చెప్పండి, తొందరగా వింటాడు."

"నేను చెబితే వినడు, అక్కడే కూర్చుంటాడు. నువ్వు పోవే."

అత్త టార్చి నా చేతిలో పెట్టింది. వీధి నీళ్ళలో పడి అవతలి గుమ్మానికి వెళ్ళాను.

అలోయ్స్ మావయ్య కింద తన మాళిగలో, రబ్బరు బూట్లు, స్వెట్టరు, లోపల టైతో పంపు పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన కట్టిన గోడకి చెమట పడుతోంది. సున్నం గీతల్లోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా ఊరుతున్నాయి, మధ్యలో పొట్టలా ఇటువైపు ఉబ్బింది కూడా. నేల మీద పలకల సందుల్లోంచి సన్నటి నీటిజల్లు ఎగజిమ్ముతోంది. పంపు దాన్ని మింగుతూనే ఉంది.

"మావయ్యా, పంపు ఆపి పైకి రమ్మంటోంది అత్త."

"మీ అత్తని ముందు ఆవిడ కుళాయి కట్టెయ్యమను."

"కట్టేసింది."

"మంచిది. ఇక నా సంగతి నేను చూసుకుంటానని చెప్పు."

"ఏం చూసుకుంటారండీ? గోడ చూశారా, నెలలు నిండినదానిలా ఉంది. అందరూ నింపుతుంటే మీరొక్కరే తోడడమేంటి?"

 ఆయన ఇల్లు వెచ్చబెట్టడానికి మూల కొత్తగా పెట్టించుకున్న బాయిలరు దగ్గరికి వెళ్ళి, పక్కనున్న ఆయిలు ట్యాంకుని వేలి కణుపుతో కొట్టాడు. డొల్ల చప్పుడు వచ్చింది.

"వసంతంలో నింపిద్దాం అనుకున్నా," అన్నాడు. "అడుగున కాస్తే ఉంది. నీళ్ళొస్తే ఇది పడవలా లేస్తది, పైపులు తెంపుకుంటది, ఉన్న ఆయిలు మాళిగంతా పరుచుకుంటది. రాతికి పట్టిన ఆయిలు వాసన మనం పోయినా పోదు. ఏటి ఒడ్డున పుట్టి చలికాలంలో ఖాళీ ట్యాంకు పెట్టుకున్నవాణ్ణి నన్నే చూడు. ఈ మాట మీ అత్తకి మాత్రం చెప్పకు."

సరేనన్నాను. తిన్నగా వెళ్ళి అత్తకి చెప్పాను.

నవ్వుతుందనుకున్నాను, ఇన్నేళ్ళకి దొరికిన అవకాశం కదా. నవ్వలేదు. "ట్యాంకైనా పీపా లాంటిదేగా," అంటూ అటక ఎక్కింది. పీపాలు తగ్గిపోయినా వాటి గుంజలు ఆవిడ పారెయ్యలేదు. ఒక్కొక్కటీ కిందికి తోసింది, నేను వీధిలోకి ఈడ్చాను. భుజానికి లావుపాటి గొట్టం ఒకటి చుట్టలా వేసుకుని, ఒక చేత్తో సుత్తి పట్టుకుని, నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ తమ్ముడి గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"లోపలికి రావచ్చా అని అడుగు."

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కూలిపోతుంటే మర్యాదలు. అయినా మెట్ల మీంచి కిందికి అరిచాను. "మావయ్యా, అత్త లోపలికి రావచ్చా అంటోంది."

 "కాళ్ళు తుడుచుకోనక్కర్లేదని చెప్పు," అని పంపు మోతలోంచి వినిపించింది.

దిగింది. తమ్ముడు గోడ వైపు చూస్తూ, అక్క ట్యాంకు వైపు చూస్తూ నిలబడ్డారు. నేను మధ్య మెట్టు మీద.

"కరెంటు తీసెయ్యమను," అంది అత్త.

"తీస్తే పంపు ఆగిపోద్దని చెప్పు."

"ఆగిపోడానికే తియ్యమంటున్నా."

"మాళిగ నిండితే బాయిలరు మునుగుద్ది. అది పెట్టించినప్పుడు వంటింట్లో పొయ్యి కూడా పీకించేశాను. ఇల్లంతా మంచుగడ్డ అవుద్ది. ఈ క్రిస్మస్‌కి నన్ను ఎక్కడ కూర్చోమంటుందో అడుగు."

ఆ మాటకి నాకు అర్థమైంది. ట్యాంకు ఒక్కటే కాదు. నీళ్ళు రానిస్తే ఆయన ఎవరి గుమ్మంలోనో నిలబడాలి, ఆ గుమ్మం ఎవరిదో ఆయనకి తెలుసు. అందుకే ఆ గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

అత్త ట్యాంకుకీ కప్పుకీ మధ్య గుంజని ఎత్తి కొలుస్తోంది. చెయ్యి దించలేదు. "నా వంటింట్లో పొయ్యి మండుతోందని చెప్పు," అంది.

నేను చెప్పక్కర్లేకపోయింది. మావయ్య కళ్ళజోడు తీసి టైతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. పైకి వెళ్ళి ఫ్యూజు పీకేశాడు. పంపు మోత ఆగిపోయింది, గోడలోంచి నీళ్ళు కారే చప్పుడు ఒక్కటే మిగిలింది. నాకు పై మెట్టుకి పారిపోవాలనిపించింది. సిగ్గుపడి ఉండిపోయాను, టార్చి పట్టుకునేవాళ్ళు ఎవరో ఒకరు కావాలి కదా.

ఆ తర్వాత కబుర్లు మోయమని నన్నెవరూ అడగలేదు. ఆయన ట్యాంకు పైపు వాల్వు కట్టేసి గుంజ నిలబెట్టి పట్టుకున్నాడు, ఆవిడ చెక్కముక్క దూర్చి సుత్తితో బిగగొట్టింది. ఆవిడ చెయ్యి చాపితే ఆయన తర్వాతి గుంజ అందించాడు. చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి చేసిన పనే అయ్యుంటుంది, ఎవరు ఎక్కడ నిలబడాలో ఇద్దరికీ ఇంకా తెలుసు. అంతా అయ్యాక ఆయన ఒక గుంజని ఊపి చూశాడు. కదల్లేదు.

అప్పుడు అత్త భుజం మీది గొట్టం దించింది. ఒక పీపాలోని వైన్‌ని ఇంకో పీపాలోకి మార్చే గొట్టం అది. మావయ్య ఉలి తీసుకుని, తాను కట్టిన గోడకి తానే పైవరసలో ఒక ఇటుక ఊడగొట్టాడు. నేను చుట్టూ తిరిగి అత్త ఇంట్లోకి వెళ్ళి, చల్లటి నీళ్ళలోకి నడుం దాకా దిగి, ఆ కన్నంలోంచి తోసిన గొట్టం కొస ముంచి పట్టుకున్నాను. అటువైపు మావయ్య రెండో కొసని నోట్లో పెట్టుకుని పీల్చాడు. తుపుక్కున ఉమ్మిన చప్పుడు కూడా విన్నాను. గొట్టం బరువెక్కింది. అక్క నీళ్ళు తమ్ముడి వైపుకి పారడం మొదలైంది. నీరు పల్లమెరుగు అంటారు, దానికి గీతలూ పంపకాలూ ఏం తెలుసు?

గొట్టం కొసని మెట్లకి కట్టి నేను తిరిగొచ్చేసరికి పలకల సందుల్లోంచి కూడా నీళ్ళు బాగా లేచాయి, మావయ్య పిక్కలు మునిగాయి. ఇక పైకి రావాల్సింది పోయి ఆయన గోడ పక్కనే వంగి ఏదో వెతుకుతున్నాడు. ఉలి జారిపోయిందట. రైల్వేలో చేసినవాళ్ళకి పనిముట్టు వదిలి రావడం చేతకాదు. అత్త మెట్టు దిగింది. ఏమీ అనలేదు, ఇరవై ఏళ్ళ అలవాటు. ఆయన టై పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. దూడని కట్టుగొయ్య దగ్గరికి లాగినట్టు మెట్ల దాకా లాక్కొచ్చింది. ఆయన ఇంకా ఉక్కిరిబిక్కిరి అవుతుండగానే గోడ పొట్ట మీంచి అరడజను ఇటుకలు ఒక్కసారిగా బయటికొచ్చి, ఆయన తల ఉన్నచోట నీళ్ళలో పడ్డాయి. వెనకే నీళ్ళు దూకాయి.

మేం ముగ్గురం మెట్ల మీద ఒకరి మీద ఒకరం పడ్డట్టు కూర్చుని చూశాం. ట్యాంకు ఒకసారి మూలిగింది గానీ గుంజలు పట్టుకున్నాయి. నీళ్ళు ఇటు పెరిగాయి, అటు తగ్గాయి, కన్నం దగ్గర సుడి నెమ్మదించి చివరికి ఆగిపోయింది. రెండు వైపులా మట్టం ఒకటే. మిగిలిన గోడ కదలకుండా నిలబడింది, వీధి గోడా నిలబడింది. అత్త చేతిలో టై ఇంకా అలాగే ఉంది. చూసుకుని వదిలేసింది. ఇంకాసిన్ని నీళ్ళు కావాలి అని తనలో తను అనుకుంటూ, మళ్ళీ కుళాయి తిప్పడానికి ఇంటికి పోయింది.

నేను మా ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుని అత్త వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద బంగాళాదుంపల సూప్ ఉడుకుతోంది, సాసేజీ ముక్కలు తేలుతున్నాయి. కాసేపటికి మావయ్య వచ్చాడు. కొత్త టై కట్టుకున్నాడు. చేతిలో సొంత కుర్చీ.

"అత్త ఇంట్లో కుర్చీలు లేవా మావయ్యా?"

"ఉంటే అడిగి కూర్చోవాలిగా," అన్నాడు. పొయ్యికి దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. అత్త గిన్నె నింపి బల్ల మీద ఆయన ముందుకి జరిపింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని, తలెత్తకుండా తిన్నాడు.

"బాగుందని మీ అత్తకి చెప్పు."

ఆవిడ ఆయన మోచేతి పక్కనే నిలబడి ఉంది.

"ఇంకా ఉందని మీ మావయ్యకి చెప్పు," అంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. పొద్దుటినుంచీ చల్లటి నీళ్ళలో నానాను, మెట్లు ఎక్కి దిగి మోకాళ్ళు పీకుతున్నాయి, ఈ ఇద్దరు ముసలాళ్ళూ ఒకే పొయ్యి ముందు ఉండి ఇంకా నా చేత మోయిస్తున్నారు. "నేను చెప్పను," అన్నాను. "ఇంట్లో నా మొగుడికి తిండి లేదు. నాకూ నోరు నొప్పెడుతోంది. కావాలంటే మీరే చెప్పుకోండి." చేతికందిన గరిటె బల్ల మీద పడేసి నడవలోకి వచ్చేశాను.

చీకట్లో కోటు తొడుక్కున్నాను. ఒక బూటు వేసుకుని రెండోదాని కోసం తడుముకుంటున్నాను. వంటింట్లో చెంచా గిన్నె అడుగుని గీకుతున్న చప్పుడు. తర్వాత అదీ లేదు. ఏరు వస్తున్న వేగం చూస్తే ఇద్దరూ ఆ పొయ్యి దగ్గర వారాలు గడపాలి. ఇలాగే గడుపుతారా అనుకున్నాను. తొందరపడ్డానేమో, మళ్ళీ లోపలికి వెళ్దామా అని కూడా అనుకున్నాను.

"ఉప్పు కాస్త తక్కువైంది," అన్నాడు మావయ్య. గొంతు బొంగురుగా ఉంది. నాకు వినపడాలని అన్న మాట కాదు.

పొయ్యిలో కట్టె ఒకటి కూలింది.

"అమ్మ కూడా ఇంతే వేసేది," అంది హెట్టి అత్త. "గిన్నె ఇటియ్యరా."

నేను రెండో బూటు వెతకడం మానేసి, గోడకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.